ఈ ఏడాది ఏం చదివావని అడిగేవాళ్ళుండాలి

మిరప ఆఖరి కోత అయిపోయి, పత్తి కట్టె పీకేసి, ఉగాది దగ్గరపడేసరికి మన పల్లెల్లో ఎవరి నోట విన్నా లెక్కలే. ఎకరానికి ఎన్ని క్వింటాళ్ళు దిగింది, మిర్చి యార్డులో తేజ రకానికి ఎంత పలికింది, 334 రకానికి ఎంత పలికింది, తాలు కింద ఎంత పోయింది, ఏసీ గోదాముల్లో ఎన్ని టిక్కీల మిరప ఉంచారు, కౌలు పోను, పురుగుమందుల కొట్టు బాకీ పోను చేతికి మిగిలిందెంత. చిలకలూరిపేట బస్టాండులోనైనా పర్చూరు అరుగుల మీదైనా "ఏం బాబాయ్, ఏ మాత్రం వచ్చింది?" అని ఒకరు అడుగుతారు, రెండోవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టి చెబుతారు. నష్టముంటే నష్టమూ చెబుతారు. అడిగేవాళ్ళున్నారు కాబట్టే ఆ లెక్క ప్రతి ఇంట్లో ఎవరో ఒకరి బుర్రలో భద్రంగా ఉంటుంది.

చదివినదాని లెక్క మాత్రం ఎవరి దగ్గరా ఉండదు. మనవాళ్ళు చదవకపోవడం వల్ల కాదిది. మిర్చి యార్డులో దిగుమతి కొట్ల గుమస్తాల సంచుల్లో నవలలు చూశాను. వ్యవసాయ మాసపత్రికను మొదటి పేజీ నుంచి చివరి ప్రకటన దాకా చదివే రైతులు నాకు తెలుసు. నరసరావుపేట బస్సులో నిలబడి ఫోనులో కథలు చదువుకునే డిగ్రీ పిల్లలు రోజూ కనిపిస్తారు. వాళ్ళలో ఎవరినైనా ఆపి "ఈ ఏడాది ఏం చదివారు, వాటిలో మీకు బాగా నచ్చింది ఏది?" అని అడగండి. చాలామంది తడబడతారు. చదివిన పుస్తకం పేరు గుర్తుంటే రాసినవాళ్ళ పేరు గుర్తుండదు, రెండూ ఉంటే లోపల ఏముందో గుర్తుండదు. అడగని లెక్క ఎవరూ రాసుకోరు కదా.

ఈ అధ్యాయంలో మిమ్మల్ని చేయమంటున్నది ఇదే: ఏడాది పొడవునా చదివినదాన్ని రాసిపెట్టుకోవడం, ఏడాది చివర అందులోంచి నచ్చినవి ఏరుకోవడం, వాటిని మరో మనిషికి నోటితో చెప్పడం. మూడోది చేయకపోతే మొదటి రెండూ సగంలో ఆగిపోతాయని నా గట్టి నమ్మకం. ఒక పుస్తకం నాకేమిచ్చిందో, ఎదుటివాళ్ళకు చెప్పడానికి నోరు తెరిచినప్పుడే నాకు తెలుస్తుంది. అంతవరకూ అది "బాగుంది" అన్న ఒక్క మాట దగ్గరే ఉండిపోతుంది.

దీనికి శాస్త్రం అండ కూడా ఉంది. అమెరికాలో సెయింట్ లూయిస్ నగరంలోని వాషింగ్టన్ యూనివర్సిటీ మనస్తత్వ శాస్త్రవేత్తలు హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికి 2006లో ఒక అధ్యయనం ప్రచురించారు. విద్యార్థులకు కొన్ని వ్యాసాలిచ్చారు. కొందరి చేత వాటిని మళ్ళీ మళ్ళీ చదివించారు. మరికొందరి చేత ఒకసారి చదివించి, కాగితం పక్కన పెట్టించి, గుర్తున్నదంతా రాయించారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్ళీ చదివినవాళ్ళదే పైచేయి. వారం తర్వాత పెడితే తలకిందులైంది. చదివింది గుర్తుచేసుకుని బయటపెట్టినవాళ్ళకే ఎక్కువ నిలిచింది. పక్కింటి వదినకు ఒక నవల గురించి పది నిమిషాలు చెప్పడమంటే ఆ పనే. చెప్పేవాళ్ళకు అది జ్ఞాపకం, వినేవాళ్ళకు కొత్త పుస్తకం.

ఇలా బతికినవాళ్ళు మన గడ్డ మీద ఉన్నారు. నాకు ఎప్పుడూ ముందు గుర్తొచ్చేది తెనాలి శారద. పేరు చూసి ఆవిడనుకునేరు, ఆయన అసలు పేరు ఎస్. నటరాజన్. 1924లో తమిళనాడు పుదుక్కోటలో పుట్టి, పన్నెండు పదమూడేళ్ళ ప్రాయంలో తెనాలి చేరాడు. హోటళ్ళలో సర్వరు పని. తెలుగు ఆయన పుట్టుభాష కాదు, పొట్టకూటికి వచ్చిన ఊరి భాష. ఆ భాషనే చదివి చదివి, అందులోనే కథలు, 'మంచీ–చెడూ', 'ఏది సత్యం', 'అపస్వరాలు' లాంటి నవలలు రాశాడు. మూర్ఛ జబ్బు, ఎప్పుడూ వదలని పేదరికం. ముప్ఫై ఏళ్ళు దాటీ దాటకుండానే 1955లో పోయాడు.

శారద జీవితంలో నన్ను పట్టుకున్నది ఆయన కష్టాల కంటే ఆయన స్నేహం. ఆలూరి భుజంగరావు కూడా తెనాలిలో హోటల్ పనివాడే. ఇద్దరూ కాఫీ గ్లాసులు అందించే చేతులతోనే పుస్తకాలు పట్టుకున్నవాళ్ళు. భుజంగరావు తర్వాత హిందీ నుంచి తెలుగులోకి అనువాదాలు చేశాడు, తన స్నేహితుడి గురించి 'సాహిత్య బాటసారి శారద' అనే పుస్తకం రాశాడు. హోటల్ సర్వరు చదువుకున్న సంగతి ఇవాళ మనకు తెలిసిందంటే ఆ చదువుకు పక్కన మరో మనిషి సాక్షిగా ఉండబట్టే. చదువు గురించి మాట్లాడుకోవడానికి పెద్ద సభ అక్కర్లేదు, ఒక్క మనిషి చాలు. అయితే ఆ ఒక్క మనిషీ కావాలి. మీకు అలాంటివాళ్ళు ఎవరున్నారో ఇప్పుడే ఒక పేరు అనుకోండి. తట్టకపోతే ఈ ఏడాది మీ మొదటి పని పుస్తకం కొనడం కాదు, ఆ మనిషిని వెతుక్కోవడం.

మనిషి దొరికాక నోటుబుక్కు సంగతి. బజారులో దొరికే రూళ్ళ పుస్తకం చాలు. ఒక్కో పుస్తకానికి ఒక్కో పేజీ కేటాయించండి. ఎప్పుడు మొదలుపెట్టారు, ఎక్కడ దొరికింది అన్నవి పైన. ఆ కింద కళ్ళకు కట్టినట్టు నిలిచిపోయిన ఒక్క ఘట్టం, మీరు ఒప్పుకోలేకపోయిన ఒక్క విషయం. అన్నిటికన్నా ముఖ్యమైనది చివరి వరస: ఈ పుస్తకం ఎవరికి? కథంతా సంక్షిప్తంగా రాయాలని కూర్చుంటే రెండో పుస్తకానికే విసుగొచ్చి నోటుబుక్కు అటకెక్కుతుంది. కాబట్టి ఆ పని పెట్టుకోకండి.

నా నోటుబుక్కులో పోయిన ఏడాది పేజీ ఒకటి చూపిస్తాను. టంగుటూరి ప్రకాశం పంతులు ఆత్మకథ 'నా జీవిత యాత్ర'. శాఖా గ్రంథాలయంలో దొరికింది. నిలిచిన ఘట్టం దగ్గర ఇలా రాసుకున్నాను: తండ్రి పోయాక పిల్లల్ని వెంటబెట్టుకుని తల్లి ఒంగోలు చేరి పూటకూళ్ళ ఇల్లు పెట్టడం. బారిష్టరు, ఆంధ్రకేసరి, 1953లో ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి, ఆ పెద్దరికమంతా ఆ వంటపొయ్యి దగ్గర మొదలైంది. ఒప్పుకోలేనిది అన్నచోట రాజకీయాల భాగాల్లో ఆయన కొందరి మీద చేసిన తీర్పుల గురించి రాశాను, అది నాకూ ఆయనకూ మధ్య తగువు. ఎవరికి అన్నచోట: మా వీధి చివర కర్రీ పాయింటు నడుపుతూ కొడుకును ఇంజనీరింగు చదివిస్తున్న అక్కకు. ఆ వరస రాయగానే పుస్తకం నా కళ్ళకు కొత్తగా కనిపించింది. అంతవరకూ జాతీయోద్యమ చరిత్రగా చదివినదాన్ని, ఆ అక్కకు చెప్పబోతున్నాననుకోగానే ఒక తల్లి కథగా మళ్ళీ తిరగేశాను. నాలుగు పేజీలు చదివి వినిపిస్తే ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "పూటకు ఎంత తీసుకునేదట?" అంత పదునైన ప్రశ్న నాకు తట్టనే లేదు.

ఇంకో పేజీ, జాన్ స్టైన్‌బెక్ 1939లో ప్రచురించిన 'ది గ్రేప్స్ ఆఫ్ రాత్'. అమెరికా ఓక్లహోమా రాష్ట్రంలో కరవుకు, దుమ్ము తుపాన్లకు, బ్యాంకు అప్పులకు భూమి పోగొట్టుకున్న జోడ్ కుటుంబం పాత బండిలో సామాను కట్టుకుని కాలిఫోర్నియాకు కూలికి వలసపోయే కథ. అందులో పత్తి తీత మీద ఒక చిన్న అధ్యాయం ఉంది. తీతకు వచ్చిన కూలీకి సంచి లేకపోతే సంచిని అతనికే అమ్ముతారు, ఆ డబ్బు మొదటి తీతలోనే కోసుకుంటారు. కాటా మీద కూలీకి నమ్మకం లేదు, సంచిలో రాళ్ళున్నాయేమోనని యజమానికి అనుమానం. కాటా దగ్గర రోజూ గొడవే. ప్రత్తిపాడు, పెదనందిపాడు చుట్టుపక్కల పత్తి కాటా దగ్గర నిలబడ్డ ఎవరికైనా ఈ అధ్యాయంలో పరాయి దేశం కనిపించదు. ఎవరికి అన్న వరసలో, జిన్నింగు మిల్లులో పనిచేసే మా బంధువు పేరు రాశాను. ఆయనకు ఇంగ్లీషు రాదు. అందుకే నోటితో చెప్పాను. ఆయన వింటూ వింటూ తన అనుభవాలు కలిపాడు. తెలుగులో చదవడానికి ఏమన్నా ఉందా అని అడిగితే 'ఏడు తరాలు' ఇచ్చాను. అలెక్స్ హేలీ 'రూట్స్'కు సహవాసి చేసిన తెలుగు, హైదరాబాద్ బుక్ ట్రస్టు వేసింది. ఇస్తూ ఒక మాట చెప్పాను: హేలీ అందులో చెప్పిన తన వంశవృక్షమంతా నిజమేనా అని చరిత్రకారులు తర్వాత సందేహాలు లేవనెత్తారు, ఇంకొకరి నవలలోని భాగాలు అందులో చేరాయన్న దావా కూడా 1978లో రాజీతో ముగిసింది. ఇష్టమైన పుస్తకం గురించి చెప్పేటప్పుడు దాని లోటు కూడా చెప్పాలి. అప్పుడే మరోసారి మీరు "బాగుంది" అంటే ఎదుటివాళ్ళు నమ్ముతారు.

ఇంగ్లీషు పుస్తకాన్ని తెలుగు ఇంటికి చేర్చే ఈ పని మాలతీ చందూర్ గారు ఎన్నో ఏళ్ళు చేశారు. 'పాత కెరటాలు' శీర్షికతో ప్రపంచ నవలలను ఒక్కొక్కటిగా తెలుగు పాఠకులకు పరిచయం చేశారు. ఇంగ్లీషు నవల ముట్టుకోని ఇల్లాళ్ళు ఆ వ్యాసాల ద్వారా టాల్‌స్టాయ్‌నూ హార్డీనీ తమ ఊరివాళ్ళలా మాట్లాడుకున్నారు. ఆవిడ చేసింది పత్రిక స్థాయిలో. మీ వీధి స్థాయిలో మీరు చేయొచ్చు. మీ ఇంట్లో ఇంగ్లీషు చదవగలిగిన పిల్లలుంటే, వేసవి సెలవుల్లో వాళ్ళు చదివిన ఒక పుస్తకాన్ని నాయనమ్మకు తెలుగులో చెప్పమనండి. పిల్లల తెలుగు ఎంత మెరుగుపడుతుందో చూస్తారు.

ఏడాదికి ఇన్ని పుస్తకాలని లక్ష్యం పెట్టుకోవద్దని నా సలహా. సేద్యం చేసేవాళ్ళ ఏడాది నెలనెలా ఒకేలా నడవదు. జూన్, జూలైలో వాన కోసం ఎదురుచూస్తూ విత్తనాల హడావుడిలో ఉన్నప్పుడు చిన్న కథలే నడుస్తాయి. మిరప నాట్లు పడ్డాక మందులు కొట్టడం, కలుపు తీయించడం, ఆకుముడత వచ్చిందా తామరపురుగు పడిందా అని రోజూ ఆకు తిప్పి చూసుకోవడం. ఆ రోజుల్లో మనసు పుస్తకం మీద నిలవదు. 2021లో నల్ల తామరపురుగు తోటల మీద పడ్డప్పుడు ఎవరైనా నవల చదివారంటే నేను నమ్మను. నవంబరు నుంచి మార్చి దాకా పత్తి తీతలు, మిరప కోతలు, కల్లాల్లో ఆరబోతలు. ఆ అయిదు నెలలూ చెవితో చదివే కాలం, ఎవరైనా చదివి పెడితే వినడం, ఫోనులో కథలు వినడం. లావుపాటి నవలలకు ఏప్రిల్ చివర నుంచి జూన్ మొదలు దాకా ఉన్న ఎండాకాలమే సరైన కాలం. యార్డుకు వేసవి సెలవులిచ్చే రోజులవి, పొలాలు ఖాళీ. 'మాలపల్లి' లాంటిది మొదలుపెడితే అప్పుడే పెట్టాలి. పట్నంలో ఉద్యోగం చేసేవాళ్ళు తమ పనిని బట్టి ఇలాంటి పట్టిక వేసుకోవచ్చు, నేను వేరే చెప్పక్కర్లేదు.

'మాలపల్లి' పేరెత్తాను కాబట్టి పోయిన ఏడాది నాకు అన్నిటికన్నా ఇష్టమైన జంట గురించి చెబుతాను. నచ్చిన పుస్తకాలకు ఒకటి, రెండు, మూడు అని ర్యాంకులివ్వడం నాకు సరిపడదు. ఒకదాని పక్కన ఒకటి పెట్టి జంటగా చదవడం ఇష్టం. రెండు పుస్తకాలు ఒకే నేల మీద పుట్టి ఉంటే అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి.

ఉన్నవ లక్ష్మీనారాయణ గారు మన గుంటూరు జిల్లా వేములూరుపాడులో 1877లో పుట్టారు. పల్నాడులో పశువుల మేత పన్నుకు ఎదురుతిరిగి పుల్లరి సత్యాగ్రహం జరిగిన రోజుల్లో జైలుకు వెళ్ళారు. జైల్లో రాసిన నవల 'మాలపల్లి', 1922లో అచ్చయింది. బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించింది. అందులో దళితుడైన రామదాసు కుటుంబం, కూలీల పక్షాన నిలబడిన సంగదాసు, అతన్ని పొట్టనపెట్టుకునే పెత్తందారు చౌదరయ్య. కూలి దగ్గర నడిచే గొడవలు చదువుతుంటే, మిరప కోతకు కిలో లెక్కా రోజు లెక్కా అని నిన్నమొన్న కల్లం దగ్గర విన్న మాటలే చెవిలో పడ్డాయి. ఆ ఏడాదే, అంటే 1922లోనే, ఉన్నవ దంపతులు గుంటూరులో ఆడపిల్లల చదువు కోసం శారదానికేతనం పెట్టారు. నవల రాసినాయన ఆగి కూర్చోలేదు.

దాని పక్కన గుర్రం జాషువ గారి 'గబ్బిలం' పెట్టాను. వినుకొండలో 1895లో పుట్టిన కవి. గుడిలోకి అడుగుపెట్టనివ్వని మనిషి తన మొరను గబ్బిలంతో శివుడి దగ్గరకు పంపుతాడు. గబ్బిలానికి గుడిలో అడ్డులేదు కాబట్టి. 'మాలపల్లి' ఒక అగ్రవర్ణ సంస్కర్త ఆ పల్లె వైపు నిలబడి రాసింది. 'గబ్బిలం' 1941లో ఆ పల్లె లోపలి నుంచి వచ్చిన గొంతు. నవలలో రామదాసు ఎంతో సహనమూర్తి, భక్తుడు. పద్యంలో ఉన్నవాడికి కోపం ఉంది, దేవుణ్ణే నిలదీస్తాడు. మధ్య ఇరవై ఏళ్ళలో ఏం మారింది, ఎవరు రాస్తే ఏం మారింది అన్న ప్రశ్న ఈ రెంటినీ కలిపి చదివితేనే వస్తుంది. విడివిడిగా చదివినప్పుడు నాకు రాలేదు. వాటి తర్వాత జాషువ గారి 'నా కథ' చదివితే 'గబ్బిలం' వెనక ఉన్న చిన్ననాటి అవమానాలు తెలుస్తాయి. ఈ మూడూ కలిపి ఎవరికి అన్నచోట, మా ఊరి హైస్కూలు తెలుగు మాస్టారి పేరు రాశాను. ఆయన తొమ్మిదో తరగతి పిల్లల చేత వాటిలోని ఘట్టాలను వాళ్ళ మాటల్లో చెప్పించారు.

మీరు జంటలు కట్టుకోవాలంటే మన నేల మీద సరుకు కొదవ లేదు. తెనాలి కొడవటిగంటి కుటుంబరావు 'చదువు' పక్కన శారద 'మంచీ–చెడూ' పెట్టండి, చదువుకున్న మధ్యతరగతి ఇంట్లోంచి ఒకసారి, కూలి మనిషి కళ్ళతో ఇంకోసారి లోకాన్ని చూస్తారు. ప్రకాశం పంతులు ఆత్మకథ పక్కన కనిగిరిలో పుట్టి అమెరికా వెళ్ళి గదర్ పార్టీలో చేరిన దరిశి చెంచయ్య 'నేనూ–నా దేశం' పెట్టండి. ఒకే ప్రాంతం నుంచి స్వాతంత్ర్యం వైపు రెండు దారులు. కవిత్వం ఇష్టమైతే నెక్కల్లులో పుట్టిన పాపినేని శివశంకర్ 'రజనీగంధ', 2016లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్న పుస్తకం.

ఇక చెప్పుకోవడం ఎలా అన్నది. నలుగురైదుగురు చాలు. ఒక్కొక్కరు ఒక్క పుస్తకమే చెప్పాలి. కథ చివరిదాకా చెప్పకూడదు. ఎందుకు నచ్చిందో చెప్పి, ఒక్క పేజీ గట్టిగా చదివి వినిపించి, పుస్తకాన్ని అక్కడే ఎవరో ఒకరి చేతిలో పెట్టాలి. పుస్తకం తేకుండా వచ్చి మాటలు మాత్రమే చెబితే వినేవాళ్ళు ఇంటికెళ్ళాక మర్చిపోతారు. పేజీ ఎంచుకోవడంలో శ్రద్ధ పెట్టండి. మొదటి పేజీ చదవకండి, నోటుబుక్కులో "నిలిచిన ఘట్టం" అని రాసుకున్నదే చదవండి. ఎక్కడ కూర్చోవాలంటే, మీ ఊరి శాఖా గ్రంథాలయం ఉంది. మీరు కట్టే ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సుగా పోతోంది. దినపత్రికలు చూసి వచ్చేయడానికే అని అనుకోకండి, అడిగితే బల్లలు వేయనిస్తారు. బడి వరండా, గుడి మంటపం, చర్చి ఆవరణ, ఏదైనా సరే. గుంటూరులో ఉంటే బృందావన్ గార్డెన్స్ అన్నమయ్య గ్రంథాలయానికి ఒకసారి వెళ్ళిరండి, పాత తెలుగు పుస్తకాల కోసం ఎక్కడెక్కడి నుంచో వచ్చేవాళ్ళు కనిపిస్తారు.

కూర్చునే తీరిక లేనివాళ్ళ సంగతి వేరు, వాళ్ళ గురించే నాకు ఎక్కువ తపన. గుంటూరు చుట్టూ ఏసీల దగ్గర, కొట్లలో, కల్లాల్లో మిరపకాయల తొడిమలు తీస్తూ రోజంతా నేలమీద కూర్చునే ఆడవాళ్ళు ఎంతమందో. చేతులకు పని, కళ్ళలో ఘాటు, చెవులు మాత్రం ఖాళీ. ఇలాంటి చోటే క్యూబాలో ఒక గొప్ప అలవాటు పుట్టింది. 1865 నుంచి హవానా చుట్టల ఫ్యాక్టరీల్లో కార్మికులు చుట్టలు చుడుతుంటే ఒకరు ఎత్తయిన పీట మీద కూర్చుని దినపత్రికలు, నవలలు గట్టిగా చదివేవారు. ఆ చదువరికి జీతం కార్మికులు తమ కూలి డబ్బుల్లోంచి ఇచ్చుకునేవారు. ఏ పుస్తకం చదవాలో వాళ్ళే తేల్చుకునేవారు. అలెగ్జాండర్ డ్యూమా నవల 'ది కౌంట్ ఆఫ్ మాంటెక్రిస్టో' వాళ్ళకు ఎంత ఇష్టమైందంటే, ఆ పేరే ఒక చుట్ట రకానికి పెట్టారు. పొగాకు గ్రేడింగు జరిగే ఒంగోలు, చిలకలూరిపేటల్లో, మిరప తొడిమలు తీసే గుంటూరులో ఈ పని ఎందుకు చేయకూడదు? యజమానిని అడిగి, రోజుకు ఒక అరగంట, ఇంటర్ చదివే ఒక పిల్ల చేత చదివించండి. మొదటి రోజు నవల ఎత్తుకోకండి. చిన్న కథ, అదీ నవ్వు పుట్టించేది. మూడో రోజుకు "నిన్న ఆ పిల్ల సంగతి ఏమైంది?" అని వాళ్ళే అడుగుతారు.

దూరాన ఉన్నవాళ్ళతో ఉత్తరాల దారి ఉంది. దుగ్గిరాల దగ్గర తుమ్మపూడి అనే పల్లెలో సంజీవదేవ్ గారు (1914–1999) వ్యవసాయపు ఊళ్ళోనే ఉంటూ చిత్రకళ, తత్వం, సాహిత్యం మీద దేశవిదేశాల కళాకారులతో, రచయితలతో ఉత్తరాలు నడిపారు. ఆయన ఆత్మకథ పేరు కూడా 'తుమ్మపూడి'యే. పల్లెలో ఉన్నాను కాబట్టి నాతో మాట్లాడేవాళ్ళు లేరని అనుకునేవాళ్ళు ఆ పుస్తకం చదవాలి. హైదరాబాదులోనో డాలస్‌లోనో ఉన్న మీ చెల్లెలికి వాట్సాప్‌లో మూడు నిమిషాలు గొంతుతో ఒక పుస్తకం గురించి చెప్పి పంపండి. చివర ఒక ప్రశ్న అడగండి. ప్రశ్న లేకుండా పంపితే "బాగుందక్కా" అని వచ్చి ఆగిపోతుంది.

అరువిచ్చిన పుస్తకం తిరిగి రాదన్న భయం చాలామందికి ఉంటుంది. నోటుబుక్కు చివరి పేజీలో ఎవరికి ఏది ఇచ్చారో రాసి, ఉగాదికి తెచ్చివ్వమని ఇచ్చేటప్పుడే చెప్పండి. ప్రాణం లాంటి పుస్తకమైతే రెండో ప్రతి కొని అదే ఇవ్వండి. జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం జరుగుతుంది, 1989 నుంచి నడుస్తున్న సంత అది. ఆ రోజుల్లో మన పల్లెల్లో కోతల మీద ఉంటారు, చాలామంది రైతులు వెళ్ళలేరు. వెళ్ళగలిగిన పట్నంవాళ్ళు ముందుగా ఊరికి ఫోను చేసి, "అత్తా, నీకేం తేను?" అని అడిగి జాబితా రాసుకుని వెళ్ళాలి. ఒకప్పుడు పుస్తకమే మన దగ్గరకు వచ్చేది. 1935లో పెదపాలెం గ్రంథాలయంవాళ్ళు, పాతూరి నాగభూషణం గారి చొరవతో, కాలువ మీద పడవలో పుస్తకాలు వేసుకుని ఊరూరా తిప్పారు. ఇప్పుడు ఆ పడవ లేదు. ఆ పని మనం చేతి సంచులతో చేసుకోవాలి.

ఏడాదికి ఒకసారి మాత్రం అందరూ కలిసి వేటపాలెం వెళ్ళండి. చీరాల పక్కనే, రైలు ఆగుతుంది. 1918లో మొదలైన సారస్వత నికేతనం గ్రంథాలయం అక్కడుంది. 1929లో గాంధీ గారు భవనానికి శంకుస్థాపన చేశారు, అప్పుడు విరిగిన ఆయన చేతికర్ర ఇప్పటికీ అక్కడే భద్రంగా ఉంది. పాత పత్రికల సంపుటాలు తిరగేయడానికి పరిశోధకులు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. మీరు పుట్టిన ఊరి పేరు ఎప్పుడు పత్రికలో పడిందో వెతకండి, ఆ వార్త నోటుబుక్కులో రాసుకోండి, ఊరికి వచ్చి చదివి వినిపించండి. ఒక పేటవాళ్ళ పుస్తకం ఇంకో పేటవాళ్ళ ఇంటికి ఇలాంటి ప్రయాణాల్లోనే చేరుతుంది.

మీరు మొదటిసారి కూర్చునే రోజు ఉగాది తర్వాత వచ్చే ఆదివారం పెట్టుకోండి. యార్డు డబ్బులు చేతికొచ్చి, పొలం పని తెరిపిచ్చి, ఎండలు ఇంకా ముదరని వారమది. సాయంత్రం అయిదు తర్వాత. ఈ ఏడాది ఏమీ చదవనివాళ్ళను కూడా పిలవండి, వినడానికి. వాళ్ళలో ఒకరి చేతికి నోటుబుక్కు ఇచ్చి, ఎవరు ఏ పుస్తకం చెప్పారో, ఏది ఎవరింటికి వెళ్ళిందో రాయమనండి. వచ్చే ఏడాది ఆ లెక్క చదివి మొదలుపెట్టేది ఆ మనిషే.